మెత్తదనపు విలువ

అంగడిలో మెత్తని బొమ్మను కొనబోవువాడు మొట్టమొదట చేయు పని దానిని చేతితో ఒక్కసారి నొక్కి చూచుట. వ్రేళ్ళకు హాయిగా తోచినచో బొమ్మ మంచిదని తలచి, వెల చెల్లించి ఇంటికి కొనిపోవును. ఆ పరీక్ష అర నిమిషములో ముగియును. కాని ఆ బొమ్మను కౌగిలించుకొని నిద్రించు బిడ్డ పెట్టెడి పరీక్ష ఏండ్ల తరబడి సాగును. బిడ్డ దానిని చెవి పట్టి ఈడ్చును, నోటితో కొరుకును, పాలలో ముంచును, కోపము వచ్చినప్పుడు గోడకు విసరును, రాత్రి కాగానే మరల చెక్కిలికి చేర్చుకొనును. మొదటి పరీక్షలో నెగ్గిన బొమ్మలన్నియు రెండవ పరీక్షలో నెగ్గవు. కొన్ని బొమ్మలకు కొద్ది నెలలకే నూగు ఉండలు కట్టి, పొట్ట జారి, మెడ వ్రాలిపోవును. మరికొన్ని బొమ్మలు తల్లి తన చిన్ననాట ఆడుకొని బిడ్డకు ఇచ్చినను మెత్తగానే యుండును. ఈ రెంటికి గల భేదము అదృష్టము వలన వచ్చినది కాదు. వాడిన పదార్థము వలనను, చేసిన పని వలనను వచ్చినది. కావున మెత్తదనము ఎట్లు పుట్టునో ఎరిగిన పిదపనే దాని విలువ కట్టుట న్యాయము.

మెత్తని బొమ్మల పరిశ్రమకు పుట్టినిండ్లుగా పేరొందిన ఊళ్ళలో జర్మనీ దేశమందలి గీంగెన్ ముఖ్యమైనది. బ్రెంజ్ నది ఒడ్డున గల ఆ చిన్న పట్టణములో 1847లో మార్గరేటె ష్టైఫ్ జన్మించెను. ఏడాదిన్నర వయస్సులోనే పోలియో వ్యాధి సోకి ఆమె కాళ్ళు చచ్చుపడెను. కుడిచేయియు పూర్తిగా స్వాధీనములో లేకపోయెను. అయినను ఆమె పట్టుదలతో కుట్టుపని నేర్చి, 1877లో ఫెల్టు అను నొక్కిన ఉన్నిగుడ్డతో దుస్తులు కుట్టి అమ్ము దుకాణమును పెట్టెను. కొలది కాలమునకు ఒక పత్రికలోని నమూనాను చూచి, గుండుసూదులు గ్రుచ్చుకొనుటకై ఏనుగు ఆకారము గల చిన్న మెత్తను కుట్టెను. పెద్దల కొరకు కుట్టిన ఆ సూదిమెత్తను పిల్లలు ఆటబొమ్మగా చేసికొనిరి. ఆ కాలమున ఐరోపాలోని బొమ్మలు పెక్కు కొయ్యతోను, పింగాణితోను, తగరపు రేకుతోను చేసినవి. అవి చూచుటకు అందమైనవే. కాని పడినచో పగులును, తగిలినచో నొప్పించును. ఏనుగు మెత్తకు అట్టి భయము లేదు. పిల్లలకు కావలసినది చూచుటకు బొమ్మ మాత్రమే కాదు, హత్తుకొనుటకును బొమ్మ కావలెనని ఆ చిన్న సంఘటన తెలిపెను.

ఆమె మేనల్లుడు రిఖార్డ్ ష్టైఫ్ 1902లో చేతులు, కాళ్ళు కదలెడి ఎలుగుబంటి బొమ్మను రూపొందించెను. దానికి ఫెల్టు చాలదని తలచి, మోహేరు నూగుగుడ్డను వాడెను. మోహేరు అనగా అంగోరా జాతి మేక వెండ్రుక. అది నునుపుగాను, మెరపుగాను ఉండి, నలిపినను మరల నిలువగల గుణము కలది. 1903లో లైప్జిగ్ నగరపు సంతలో ఒక అమెరికా వర్తకుడు అట్టి బొమ్మలను 3,000 కొనుటకు ఒప్పుకొనెను. 1907వ సంవత్సరమున ఆ కర్మాగారము తయారుచేసిన ఎలుగుబొమ్మల సంఖ్య 9,74,000. ఇదే కాలమున అమెరికాలో మరియొక కథ నడచెను. 1902 నవంబరులో అధ్యక్షుడైన థియొడోర్ రూజ్వెల్టు మిసిసిపీ అడవులలో వేటకు పోయి, కట్టివేసిన ఎలుగుబంటిని కాల్చుటకు నిరాకరించెను. దానిని గూర్చి క్లిఫర్డ్ బెరీమన్ గీసిన వ్యంగ్యచిత్రము పత్రికలో వచ్చెను. దానిని చూచి బ్రూక్లిన్‌లోని మోరిస్ మిచ్టమ్ అను వ్యాపారి గుడ్డ ఎలుగుబొమ్మలను అమ్మసాగెను. రూజ్వెల్టు ముద్దుపేరును బట్టి ఆ బొమ్మకు టెడ్డీ అను పేరు స్థిరపడెను.

ఆ తొలినాటి ఎలుగుబొమ్మలు బయట మెత్తన; లోపల గట్టి. వానిలో కూరినది చిత్రిక పట్టగా రాలునట్టి సన్నని చెక్క తురుము. బొమ్మ నిలువుగా కూర్చుండుటకు అది అనుకూలమే. కాని నొక్కినచో కరకరలాడును, కౌగిలికి ఒదుగదు. మొదటి ప్రపంచయుద్ధము తరువాత ఇంగ్లండు మున్నగు దేశములలో చెక్క తురుమునకు బదులుగా కపోకు అను దూది వాడుకలోనికి వచ్చెను. కపోకు తెలుగునాట బూరుగు జాతికి చెందిన చెట్టు కాయలలోని దూదియే. బూరుగు దూది తలగడపై పండుకొనిన వారికి దాని సుఖము తెలియును. ఆ దూది పోగు సన్నని గొట్టము వంటిది. గోడ పలుచన, నడుమ అంతయు గాలి. అందుచేతనే అది అంత తేలిక. కాని ఆ పోగు పెళుసు. కాలము గడచిన కొలది విరిగి పొడియగును, లేదా ఉండలు కట్టును. తలగడ దూదిని ఎండబెట్టి ఏకించినట్లు బొమ్మ పొట్టను మాటిమాటికి విప్పి ఏకించుట సాధ్యము కాదు గదా! 1941లో ఇంగ్లండు దేశస్థులైన విన్‌ఫీల్డు, డిక్సన్ అను రసాయన శాస్త్రజ్ఞులు పాలియెస్టర్ పోగును కనిపెట్టిరి. కాలక్రమమున బొమ్మ లోపలి దూదిగాను, బయటి నూగుగాను అదియే ముఖ్యస్థానమును ఆక్రమించెను.

పదార్థము మారినను మెత్తదనపు సూత్రము మారలేదు. లావుపాటి వెదురుబొంగును వంచుట కష్టము. అదే వెదురును సన్నని పుల్లలుగా చీల్చినచో ఒక్కొక్క పుల్ల వ్రేలి బలమునకే వంగును. పోగుల సంగతియు ఇట్టిదే. గుండ్రని పోగు వ్యాసము సగమైనచో, దానిని వంచుటకు కావలసిన బలము సగమునకు గాక పదియారవ వంతునకు తగ్గును. వ్యాసము సగమైనప్పుడు అదే బరువు గల పదార్థములో పోగుల సంఖ్య నాలుగు రెట్లగును. నాలుగింటిని పదియారుచే భాగించినచో నాల్గవ వంతు వచ్చును. అనగా బరువు తగ్గకుండగనే, పదార్థము మారకుండగనే, నూగు గట్టిదనము నాల్గవ వంతునకు దిగును. చేతికి తగులు కొనలు మాత్రము నాలుగు రెట్లు పెరుగును.

పోగు సన్నదనమును కొలుచుటకు డెనియర్ అను మానము కలదు. 9,000 మీటర్ల పొడవు గల పోగు 1 గ్రాము తూగినచో అది 1 డెనియర్ పోగు. అట్టి పాలియెస్టర్ పోగు మందము సుమారు 10 మైక్రోమీటర్లు. మనిషి తల వెండ్రుక మందము సుమారు 70 మైక్రోమీటర్లు. మోటు కంబళి ఒంటికి గ్రుచ్చుకొనుటకును, మేలిరకపు శాలువ హాయి గొల్పుటకును కారణము ఇందే యున్నది. సుమారు 30 మైక్రోమీటర్లకు మించిన పోగు కొన చర్మమునకు తగిలినప్పుడు వంగదు. చర్మమే లోనికి వంగును. దానినే మనుష్యుడు గరుకుదనమని పిలుచును. సన్నని పోగు తానే వంగి చర్మమునకు దారి యిచ్చును. దానినే మెత్తదనమని పిలుచును.

అయితే సన్నదనమొక్కటియే చాలునని అనుకొనుట పొరపాటు. సన్నని పోగు సులభముగా వంగును. సులభముగా నలిగియు పోవును. దానిని నిలబెట్టునది ఇరుగుపొరుగు పోగుల దన్ను. నూగు దట్టముగా నున్నప్పుడు ప్రతి పోగును పక్క పోగు ఆనుకొని నిలుచును. నూగు పొడవై పలుచనైనచో మొదటి దినమున కంటికి ఇంపుగా నుండును గాని, కొలది వారములలో అట్టకట్టి, అడుగు గుడ్డను బయటపెట్టును.

నూగుగుడ్డను నేయు విధమును గమనించినచో ఈ సంగతి మరింత స్పష్టమగును. పాతపద్ధతిలో మగ్గముపై రెండు గుడ్డలను ఒకదానికొకటి ఎదురుగా నేయుదురు. నూగు కావలసిన దారములు ఆ రెంటి నడుమ అటునిటు పోవుచుండును. పదునైన కత్తి వాని మధ్యగా పోయి కోసినచో ఒకే నేతలో రెండు ముఖమలు వంటి గుడ్డలు ఏర్పడును. నేడు చవుకబొమ్మల గుడ్డను ఎక్కువగా అల్లిక యంత్రముల మీద తయారుచేయుదురు. తరువాత ఆ నూగును దువ్వి, ఎత్తు సమముగా కత్తిరించి, వేడిగల గాడిచక్రములపై నడిపి ముడుతలు తీయుదురు. అడుగు గుడ్డలో పోగు ఎంత గట్టిగా పట్టుకొని యున్నదో అంత కాలము నూగు రాలక నిలుచును. పై మెత్తదనమును కాపాడునది అడుగున నున్న గట్టి నేతయే.

తరువాత బొమ్మ భాగములను కత్తిరింతురు. నూగునకు ఒక వాలు ఉండును. పిల్లి వీపును తల నుండి తోక వైపునకు నిమిరినప్పుడు హాయిగా నుండునట్లే, వాలు వెంబడి నిమిరినప్పుడే గుడ్డయు హాయిగొల్పును. ప్రతి ముక్కను ఆ వాలు చూచి కత్తిరింపవలెను. గుడ్డను ఆదా చేయుటకై ముక్కలను అడ్డదిడ్డముగా అమర్చినచో బొమ్మ చెంప ఒక దిక్కునకు, నుదురు మరియొక దిక్కునకు పోవును. ముక్కలను లోపలివైపు పైకి ఉండునట్లు కుట్టి, వీపున కొంత సందు విడిచి, బొమ్మను తిరుగవేయుదురు. ఆ సందులో గొట్టము పెట్టి, యంత్రము గాలితో దూదిని ఊదును. పిదప పనివారు ఆ సందును చేతితోనే మూయుదురు.

ఆ దూదిలోను ఒక నేర్పు కలదు. నేటి మేలైన పాలియెస్టర్ దూదిపోగు బూరుగుపోగు వలెనే నడుమ బోలుగా నుండును. పోగును లాగునప్పుడు ఒక ప్రక్క ఒక విధముగాను, మరియొక ప్రక్క వేరొక విధముగాను చల్లారునట్లు చేయుదురు. రెండు ప్రక్కలు సమముగా ముడుచుకొనక పోవుటచేత పోగు స్ప్రింగు వలె చుట్టలు తిరుగును. నొక్కినప్పుడు ఆ చుట్టలు అణగును. చేయి తీసినప్పుడు లేచును. పోగులు ఒకదానిపై నొకటి జారుటకై వానికి పలుచని సిలికాను పూత పూయుదురు. ఎక్కువ దూది కూరినచో బొమ్మ దిమ్మ వలె నుండును. తక్కువ కూరినచో మెడ నిలువదు. మెడలో కొంచెము గట్టిగాను, పొట్టలో కొంచెము వదులుగాను కూరుట అనుభవము గల చేతికే తెలియును.

ఇన్ని మెట్లలో ఏ యొక్కటి తగ్గించినను వెల తగ్గును. తగ్గించిన సంగతి అంగడిలో తెలియదు. పలుచని నూగునకు మృదువైన రసాయనపు పూత పూసినచో అదియు అర నిమిషపు పరీక్షలో నెగ్గును. పూత పూయుట తప్పు కాదు. లోపమును కప్పుటకు పూయుట తప్పు. అట్టి మెత్తదనము అప్పు తెచ్చిన ఐశ్వర్యము వంటిది. కొన్ని ఉతుకులతో అది కరగిపోవును. పిదప మిగులునది గరుకు గుడ్డయు, ఉండలు కట్టిన దూదియు, బిడ్డ కన్నీళ్ళును. అందుచేత మెత్తదనమును కొనునాటి స్పర్శతో గాక, ఉతికిన పిదపటి స్పర్శతో కొలుచుటయే న్యాయమైన కొలత.

మెత్తని బొమ్మలో గట్టిగా నుండవలసినవియు కొన్ని గలవు. పూర్వము బొమ్మలకు గాజు కన్నులను తీగలతో గ్రుచ్చెడివారు. కన్ను ఊడినచో బిడ్డ దానిని మ్రింగవచ్చును. తీగ మొన గ్రుచ్చుకొనవచ్చును. 1940ల చివర బ్రిటనులో వెండీ బోస్టన్ అను స్త్రీ పేరిట నడచిన సంస్థ, వెనుకనుండి మర బిగించిన నైలాను కన్నులను ప్రవేశపెట్టెను. 1950ల మధ్యకాలమున ఆ సంస్థయే యంత్రములో ఉతుకదగిన ఎలుగుబొమ్మను అమ్మకమునకు తెచ్చెను. నేడు ఐరోపా ప్రమాణమును బట్టి, 6 మిల్లీమీటర్లకు మించిన కన్ను వంటి భాగమును 90 న్యూటన్ల బలముతో లాగి పరీక్షింతురు. దానికి ఇంచుమించు 9 కిలోగ్రాముల బరువును వ్రేలాడదీసినట్లే యిది. విరిగిన సూదిముక్క లోపల మిగిలినదేమో యని బొమ్మలను లోహశోధక యంత్రము క్రింద నడుపుదురు. భారతదేశములో 2021 జనవరి 1 నుండి అమలైన ప్రభుత్వపు ఉత్తరువు ప్రకారము, 14 ఏండ్ల లోపు పిల్లల ఆటబొమ్మలకు భారతీయ ప్రమాణముల సంస్థ ముద్ర ఉండవలెను. బొమ్మను నొక్కి చూచు చేయి, దానిని తిరుగవేసి ఆ ముద్రను వెదకుటయు అవసరము. కుట్టును కొంచెము లాగి చూచుటయు అవసరము.

ఇంత శ్రమ ఒక ఆటబొమ్మ కొరకా యని కొందరు ఆక్షేపింతురు. బిడ్డకు పాలు, అన్నము, గుడ్డ చాలునని, మెత్తదనము విలాసమని వారి వాదము. 1958లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున హారీ హార్లో అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ప్రకటించిన ప్రయోగఫలితము ఈ వాదమునకు జవాబు చెప్పుచున్నది. ఆయన పుట్టిన వెంటనే తల్లుల నుండి వేరుచేసిన కోతిపిల్లలకు రెండు బొమ్మతల్లుల నిచ్చెను. ఒకటి తీగలతో చేసినది; మరియొకటి కొయ్యకు తువాలు వంటి నూగుగుడ్డ చుట్టినది. కొన్ని పిల్లలకు తీగతల్లి వద్దనే పాలసీసా యుండెను. అవియు ఆకలి తీరునంత వరకే అచట నుండి, తక్కిన కాలమునందు గుడ్డతల్లినే అంటిపెట్టుకొని యుండెను. భయము కలిగినప్పుడు పరుగెత్తినదియు ఆ మెత్తని తల్లి యొద్దకే. తల్లుల నుండి పిల్లలను వేరుచేసిన ఆ ప్రయోగము క్రూరమని పిమ్మట పలువురు గర్హించిరి. ఆ గర్హణము తగినదే. కాని ఆ మూగజీవులు చెప్పిన సత్యమును మరచుట మరియొక క్రూరత్వమగును. ఆకలి వలెనే మెత్తని స్పర్శయు పసిప్రాణమునకు ఒక అవసరము.

ఇంకొక ఆక్షేపణము ఇంతకంటె బలమైనది. పాలియెస్టర్ మట్టినూనె జాతి ఖనిజతైలము నుండి పుట్టినది. ఉతికినప్పుడు దాని సూక్ష్మమైన పోగులు రాలి నీళ్ళలో కలియును. పారవేసినను మట్టిలో త్వరగా కలియదు. ఈ దోషమును కాదనరాదు. అట్లని అందరు మోహేరు బొమ్మలే కొనవలెనని చెప్పుటయు న్యాయము కాదు. అవి సామాన్యులకు అందని వెల గలవి. పేదయింటి బిడ్డ చేతికి మెత్తని బొమ్మను, ఉతుకుటకు వీలైన బొమ్మను తెచ్చినది పాలియెస్టరే. ఈ చిక్కునకు తగిన మార్గము ఒక్కటి కలదు. చెడిపోయెడి పది బొమ్మలకు బదులు చెడిపోని బొమ్మ నొకదానిని చేయుట, కొనుట, చినిగినచో కుట్టుకొని కాపాడుట. రాలని నూగు బిడ్డకును మేలు, ఏటికిని మేలు.

మెత్తదనమునకు దానికి తగిన చోటు, కాలము కూడ గలవు. ఏడాది నిండని శిశువు నిద్రించు పక్కలో మెత్తని బొమ్మలను, దిండ్లను ఉంచరాదని అమెరికా శిశువైద్యుల సంఘము హెచ్చరించుచున్నది. ముఖముపై పడిన మెత్తని వస్తువును తొలగించుకొను శక్తి ఆ పసికందునకు ఉండదు. ఊపిరి ఆడక ప్రాణాపాయము కలుగవచ్చును. మేలుచేయు వస్తువే వేళ తప్పినప్పుడు కీడు చేయును. ఈ సంగతి చిన్న తమ్ముడో చెల్లెలో గల ప్రతి బాలునికి, ప్రతి బాలికకు తెలిసియుండుట మంచిది.

కదలలేని కాళ్ళతో మార్గరేటె ష్టైఫ్ కుట్టిన ఏనుగు నాటినుండి నేటి వరకు ఈ పరిశ్రమ నేర్చిన పాఠము చిన్నదే. మెత్తదనము గట్టిదనము లేకపోవుట కాదు. వంగవలసిన చోట వంగి, నిలువవలసిన చోట నిలుచుటయే మెత్తదనము. నూగు వంగవలెను, కుట్టు నిలువవలెను. దూది అణగవలెను, మరల లేవవలెను. కన్ను మాత్రము ఎన్నడును ఊడరాదు. ఇది తెలిసి పనిచేయువాడే మంచి పనివాడు. ఇది తెలిసి కొనువాడే మంచి కొనుగోలుదారుడు. బిడ్డకు వీటిలో ఏదియు తెలియదు. బొమ్మ తన కౌగిలిలో ఒదుగునని మాత్రమే వాడు నమ్మును. ఆ నమ్మకమును వమ్ము చేయని బొమ్మకే మెత్తని బొమ్మ యను పేరు తగును.